ఓబిలేషన్నకు, కొత్త చక్రం గురించి

ధర్మవరం,
18 మే 2025, ఆదివారం.

ఓబిలేషన్నకు,

అంజలి నమస్కారాలు. ఇక్కడ అందరం బాగున్నాం. హిందూపురంలో నువ్వు, వదిన, పిల్లలు కూడా బాగున్నారని తలుస్తాను. ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. ఎత్తకపోవడమే న్యాయం. అందుకే ఉత్తరం రాస్తున్నాను. చించేసేలోపు సగమైనా చదువు.

ముందు కబురు. కదిరమ్మక్క మోకాలు మరీ పాడైంది. చీర మీద పూలు తీర్చే జాకార్డ్ పెట్టెను ఎత్తే పెడలు ఇక తొక్కొద్దని డాక్టరు తేల్చేశాడు. పెడలు బదులు పెట్టెను ఎత్తే మన మోటారు బిగిస్తే తప్ప ఆమె నేయలేదు. "అమావాస్య దాకా చూస్తా. ఆమీద మగ్గం ఇప్పేస్తా, ఎవురికీ బరువు కాను" అన్నది. ముప్పై ఏళ్లుగా నేసిన మగ్గం. అమావాస్యకు తొమ్మిది రోజులే ఉంది.

ఇక మన సంగతి. మార్చిలో ట్రయల్ రోజు నువ్వు కోసిన కోడిగుడ్డు చక్రం తిరిగింది, దాని మీద రోలర్ ఎక్కింది, పెట్టె లేచింది. దిగేటప్పుడు మాత్రం పెట్టె ఒక్క క్షణం పట్టేసింది. రోలర్ చక్రాన్ని వదిలేసి, తర్వాత దభీమని పడింది. కదిరమ్మక్క పడుగులో నలభై మూడు పట్టు పోగులు తెగాయి. చక్రం తప్పుగా అరగదీశావని షెడ్డు యజమాని రాఘవేంద్ర సారు నీమీద కేకలేశాడు. "పాప గీసిచ్చిన గీత మీదనే కోసినా సార్, వెంట్రుకంత కూడా దాటలా" అని నువ్వన్నావు. అందరూ నా వైపు చూశారు. కంప్యూటర్లో బాగానే తిరిగిందని నేనన్నాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు. నువ్వు ఆకురాయి సంచిలో వేసుకుని వెళ్లిపోయావు.

తప్పు నాదన్నా. యంత్రాన్ని కంప్యూటర్లో ఆడించేటప్పుడు చక్రం అంచు ఒక గీత, రోలర్ అంచు ఇంకో గీత. ఆ రెండూ ఎప్పటికీ విడిపోకూడదని బిగింపు పెట్టొచ్చు. లేదా తాకినప్పుడు తోసి, విడిపోవాల్సి వస్తే విడిపోయేలా పెట్టొచ్చు. మొదటిది రెండు నిమిషాల పని, నేను అదే పెట్టాను. విడిపోవద్దని నేనే కట్టేసి, చూడండి విడిపోవడం లేదని మీ అందరికీ చూపించాను. తెలియక చేశాను.

ఈ రెండు నెలలూ రెండో పద్ధతితోనే కుస్తీ. చక్రానికి ఏ వైపు ఇనుము, ఏ వైపు ఖాళీ అన్నది కూడా చెప్పాలట. నేను తిరగేసి చెబితే రోలర్ వెళ్లి చక్రం కడుపులో దూరింది! రాఘవేంద్ర సారు నవ్వాడు. నవ్వనీ. పెట్టెను కిందికి లాగే మన స్ప్రింగుకు తూకం రాళ్లు వేలాడదీసి ఎంత సాగుతుందో కొలిచాను. పెట్టెను తూచాను. అన్నీ సరిగ్గా ఇచ్చాక, కంప్యూటర్లో కూడా రోలర్ సరిగ్గా ట్రయల్ రోజు వదిలిన చోటే ఎగిరింది. నీ చేతి పని అంత కచ్చితంగా ఉందన్నమాట.

అప్పుడు కదిరమ్మక్క నన్ను మగ్గం గుంతలో దించి, నా చేతిని తన పాదం మీద పెట్టించింది. నొప్పితోనే నాలుగుసార్లు తొక్కి చూపించింది. "ఎత్తేది ఎవురైనా ఎత్తుతారు పాపా. దించేదాంట్లో ఉండాది పని" అన్నది. నిజమే, ఆమె పాదం పెడలును ఒక్కసారి కూడా వదలలేదు. మెల్లగా, బరువును ఆపుకుంటూ దించింది. నా గీతలో ఎక్కడం వివరంగా ఉంది, దిగడం మాత్రం బావిలో బొక్కెన పడ్డట్టుంది. ఆ వైపంతా మార్చాను. పట్టేసినప్పుడు కిందికి లాగడానికి ఇంకో స్ప్రింగు చేర్చాను. కంప్యూటర్లో నిమిషానికి అరవై తొక్కులు పెట్టినా రోలర్ ఇప్పుడు చక్రాన్ని విడవడం లేదు.

గీత కాగితం ఇందులో పెట్టాను. బుధవారానికి రాగలవా? దాన్ని కోయడానికి నీలాంటి చెయ్యి ఈ ఊళ్లో ఇంకొకటి లేదు. పిలిచే మొహం నాకు లేదని తెలుసు. అయినా పిలుస్తున్నాను.

వదినను అడిగానని చెప్పు.

ఇట్లు,
నీ చెల్లెలు
అంజలి

తా.క. పైన "తెలియక చేశాను" అని రాశాను. అది అబద్ధం అన్నా. బిగింపు పెట్టినా, చక్రానికీ రోలర్‌కూ మధ్య బలమెంతో సాఫ్ట్‌వేర్ గ్రాఫ్ ఇస్తుంది. దిగే చోట అది సున్నా కిందికి పోయింది. అంటే చక్రం రోలర్‌ను తోయడం లేదు, పట్టి లాగుతోంది. ఇనుప చక్రానికి చేతులుంటాయా లాగడానికి? ట్రయల్‌కు నాలుగు రోజుల ముందే అది చూశాను. చూపిస్తే ఆపేస్తారని, నా మొదటి డిజైన్ పోతుందని, సారుకిచ్చిన కాగితంలో సున్నా కింది భాగం కత్తిరించేశాను. నిన్ను తిడుతున్నప్పుడు నాకు అంతా తెలుసు.

ఉత్తరం రాసి పక్కన పెట్టాక, ఇందాక షెడ్డులో అందరి ముందూ చెప్పేశాను. కదిరమ్మక్క నీ గురించి "ఆయప్పకు రాసినావా?" అని మాత్రం అడిగింది. పూర్తి గ్రాఫ్‌ను షెడ్డు తలుపుకు అతికించి, తప్పు ఓబిలేష్‌ది కాదు, నాది అని రాసి సంతకం పెట్టాను. నువ్వు రాకపోతే చక్రం నేనే కోస్తాను, వంకరపోతే మళ్లీ కోస్తాను. నువ్వు వచ్చినా, రాకపోయినా ఆ కాగితం అక్కడే ఉంటుంది.