నీ వైపు చక్రం

మార్చి 9
షెడ్డు నుంచి, బల్ల మీద గ్రీజు అంటని మూల వెతుక్కుని

చిరంజీవి తమ్ముడికి,

అక్క దీవించి రాస్తున్నది. ఇక్కడ నేనూ మీ బావా ఒంట్లో బాగానే ఉన్నాం. అక్కడ నువ్వూ మరదలూ కూడా అలాగే ఉన్నారని అనుకుంటున్నాను. అనుకోవడమే తప్ప తెలుసుకునే దారి నువ్వు ఉంచలేదు కదా. ఎప్పుడు ఫోను చేసినా మరదలే ఎత్తుతుంది, నువ్వు స్నానం చేస్తున్నావంటుంది. నువ్వు నిజంగా అన్ని స్నానాలు చేస్తూ ఉంటే ఆ ఊళ్ళో నీళ్ళకు కటకట వచ్చి ఉండాలి.

ముందు మంచి కబురు. నీ పాత ఫైరింజను బండి కదిలింది. నిన్న పొద్దున షెడ్డులోంచి తనంతట తాను బయటికొచ్చి, వీధి చివర పాల దుకాణం దాకా వెళ్ళి తిరిగొచ్చింది. జనమంతా గుమ్మాల్లోకి వచ్చి నిలబడ్డారు. సైరన్ మోగించమని ఒకటే గొడవ. నేను మోగించలేదు. మీ బావ మోగించారు. ఇంట్లో గట్టిగా తుమ్మడానికి కూడా మొహమాటపడే మనిషి, వీధి అదిరేలా సైరన్ కొట్టేసి, ఏమీ ఎరగనట్టు చేతులు ప్యాంటుకు తుడుచుకుంటూ దిగారు.

కొండమీది ఊరివాళ్ళు దాన్ని పాత సామాన్ల వేలంలో పాడుకుని, లారీ మీద తెచ్చి నా షెడ్డు ముందు దింపిన రోజు నువ్వు చూసి ఉండాల్సింది. అగ్నిమాపక కేంద్రం వెనక పెరట్లో ఇన్నేళ్ళూ ఎండకీ వానకీ పడి ఉంది పాపం. ఎర్రరంగు వెలిసిపోయి ఇటుకపొడిలా రాలుతోంది. గొట్టాల పెట్టెలో పిల్లి పిల్లల్ని పెట్టింది. వైర్లన్నీ ఎలుకలు కొరికేశాయి. పిల్లి కాపురం ఉన్న బండిలో ఎలుకలు అంత ధీమాగా ఎలా తిరిగాయో నాకైతే అర్థం కాలేదు. రెండూ కూడబలుక్కుని ఉంటాయి.

పని గురించి వివరంగా రాస్తాను. చదువుతుంటే నీ చేతులు దురద పెట్టాలి, నా ఉద్దేశం అదే. క్లచ్ ప్లేటు తుప్పుపట్టి అతుక్కుపోయింది. బ్రేకులు నాలుగు చక్రాలకూ బిగుసుకుపోయాయి. డీజిల్ ట్యాంకు దించి, లోపల గులకరాళ్ళు పోసి, నేనొక పక్కా మీ బావ ఒక పక్కా పట్టుకుని ఊపి ఊపి తుప్పు రాలగొట్టాం. మర్నాడు ఇద్దరికీ భుజాలు లేవలేదు. అంతా బిగించాక ఇంజను ఎంతకీ అందుకోలేదు. పైపులో గాలి చేరింది. తీస్తాను, మళ్ళీ చేరుతుంది. కోపమొచ్చి స్పానరు గోడకేసి కొట్టాను. మీ బావ దాన్ని తీసుకొచ్చి, తుడిచి, నా చేతికిచ్చి, టీ పెట్టడానికి వెళ్ళిపోయారు. ఆ మనిషితో కాపురం చేస్తూ కూడా నాకు నిదానం అబ్బలేదంటే ఇక ఈ జన్మకు అబ్బదు.

టీ మరిగేలోపే ఇంజను అందుకుంది. షెడ్డంతా నల్లటి పొగ. నేను దగ్గుతూ నవ్వుతూ అక్కడే నిలబడిపోయాను.

ఇప్పుడే లేచి బయటికెళ్ళి వచ్చాను. ఈ ఉత్తరం మొదలుపెట్టినప్పటి నుంచీ ఇదే వరస. రెండు ముక్కలు రాయడం, లేవడం, బండి చుట్టూ ఒకసారి తిరిగి ఏదో ఒక నట్టు బిగించి రావడం. అన్నీ బిగించినవే. మీ బావ డోరు మీద రంగు రాస్తున్నారు. ఏ ఎరుపు వేయాలో తేల్చుకోవడానికే ఆయనకు ఒక యుగం పట్టింది. ఎరుపుల్లో అన్ని తేడాలుంటాయని ఈ వయసులో తెలుసుకున్నాను. పిల్లి మాత్రం తన సంసారాన్ని నా పనిముట్ల పెట్టెలోకి మార్చేసింది. పెద్ద స్పానరు కావాలంటే ఇప్పుడు దాని దయ ఉండాలి.

ఎండలు అప్పుడే ముదిరిపోతున్నాయి. కొండ మీద గడ్డి ఎండి గరగరలాడుతోందట, ఎవరో బీడీ పారేస్తే చాలట. కింద నుంచి ఫైరింజను వెళ్ళేసరికి కాలాల్సింది కాలిపోతుందని నీకంటే ఎవరికి బాగా తెలుసు? అందుకే వాళ్ళు సొంతంగా బండి పెట్టుకుంటున్నారు. ట్యాంకు నిండా నీళ్ళతో ఆ ఎత్తు ఎక్కించగలిగినవాడు మీ తమ్ముడు తప్ప ఎవరున్నారమ్మా అని మొన్న మళ్ళీ అడిగారు. అడిగింది ఎవరో తెలుసా, ఆ రోజు ఇల్లు కాలిపోయిన ఆసామి.

సరే, ఇక నువ్వడిగిన సంగతి. ఇన్నాళ్ళకు నువ్వు నాకు రాసింది ఒక్కటే ఉత్తరం, అందులో ఉన్నదీ ఒక్కటే మాట. ముందు చక్రాలు విప్పి చూడు అక్కా, లోపం బండిలో ఉంటే వస్తాను, నాలో ఉంటే నాకు ఇంకెప్పుడూ స్టీరింగు చూపించకు అన్నావు. పైగా ఉన్నదున్నట్టు చెప్పమని ఒట్టు కూడా పెట్టావు.

నీకు నేను చెప్పాల్సిన పని లేదు, నా బుర్రలో వరసగా పెట్టుకోవడానికి రాస్తున్నాను. మామూలు రోడ్డు మీద ఆ బండిని వెనక చక్రాలే లాగుతాయి, ముందువి ఊరికే దొర్లుతాయి. ఎత్తో బురదో వస్తే బండి ఆపి, దిగి, రెండు ముందు చక్రాలకీ బయటి వైపు మధ్యలో ఉండే బిళ్ళల్ని చేత్తో తిప్పి బిగించాలి. ఆ తరువాతే లోపల చిన్న గేరు లాగాలి. ఒక పక్క బిళ్ళ తిప్పి రెండోది మరిచిపోతే రెండూ మరిచిపోయినట్టే, ముందు చక్రాలకు బలం అందదు. మీ కేంద్రంలో దానికో పద్ధతి పెట్టుకున్నారు. డ్రైవరు తన వైపుది తిప్పాలి, పక్క సీటువాడు తన వైపుది తిప్పాలి. తిప్పినవాడు పడింది అని అరవాలి. రెండు అరుపులూ వినపడితే బండి కదలాలి. ఒకరి వైపుది ఇంకొకరు తొంగి చూడకూడదు. చూస్తే నమ్మకం లేనట్టని మీకో పౌరుషం.

ఆ రోజూ రెండు అరుపులూ వినపడ్డాయి. నువ్వు అరిచావు, నీ పక్క సీటులో కూర్చునే గజం కూడా అరిచాడు. బండి సగం ఎత్తు ఎక్కి, వెనక చక్రాలు బురదలో ఉన్నచోటే గిర్రున తిరిగి, జారడం మొదలుపెట్టింది. గజం కిందికి దూకి, చక్రానికి రాయి పెడదామని నీ వైపు పరుగెత్తాడు. బండి అడ్డం తిరిగి వాడి మోకాలిని గట్టుకేసి నొక్కేసింది. పైన ఇల్లు కాలి బూడిదైంది. లోపలివాళ్ళు ముందే బయటపడ్డారు కాబట్టి సరిపోయింది. విచారణకు వచ్చినవాళ్ళు బండి పాతది, పనికిరాదు అని రాసి చేతులు దులుపుకున్నారు. నువ్వు మాత్రం ఉద్యోగం వదిలి, ఊరు వదిలి, ఎవరిదో గోడౌనులో మూటలకు కాపలా కూర్చున్నావు. మరదలు స్కూటరు నడుపుతుంటే వెనక కూర్చుని వెళ్తావట. అదెంత బాగా నడిపితే మాత్రం, నా తమ్ముడు అలా వెనక సీటులో బిక్కచచ్చి కూర్చోవడమేమిట్రా.

చెబుతున్నాను, విను. విప్పి చూశాను. తప్పు బండిది. నీ వైపు బిళ్ళ బిగించే ఉంది. లోపల పళ్ళే అరిగి నున్నగా అయిపోయాయి. నువ్వు తిప్పావు, అది పట్టుకోలేదు. అంతే. పాతవి తీసేసి కొత్తవి వేశాను. పాతవి చూపించమని మాత్రం అడక్కు, ఇనుప సామాన్లవాడు వచ్చి పట్టుకుపోయాడు.

కాబట్టి నీకిక సాకు లేదు. ఆదివారం బండి కొండ ఎక్కాలి. శనివారానికల్లా ఇక్కడ దిగు. నీ మంచం సర్దే ఉంచాను. నువ్వు వస్తే నా కాలు కాస్త నిలుస్తుందేమోనని మీ బావ ఆశ. మరదలిని అడిగానని చెప్పు.

ఆశీస్సులతో,
మీ అక్క

తా.క. కవరు అంటించేశాక గజం వచ్చాడు. నిన్న సైరన్ వినపడిందట, కర్ర పట్టుకుని అంత దూరమూ నడిచొచ్చాడు. బండి చుట్టూ తిరిగి, ముట్టుకుని, తన పాత సీటులోకి ఎక్కి కూర్చున్నాడు. ఎక్కడానికి చాలాసేపు పట్టింది. చెయ్యి అందించబోతే ఒప్పుకోలేదు. నీకేం రాశానో వాడికి చెప్పాను. మంచిపని చేశావక్కా అంటాడనుకున్నాను. వాడు నావైపు చూసి, మీ తమ్ముడి వైపు బిళ్ళ తిప్పి లేదు కదక్కా అన్నాడు.

అవునురా. తిప్పి లేదు. పళ్ళు నిక్షేపంలా ఉన్నాయి. స్క్రూడ్రైవరుతో ఆ కొండ మట్టి పెచ్చులు రాలగొడితే, గజం వైపు బిళ్ళ బిగించి ఉంది, నీ వైపుది వదులుగా ఉంది. ఆ తరువాత ఎవరో తిప్పి ఉంటారని నాకు నేను చాలా నచ్చజెప్పుకున్నాను. కానీ బండిని క్రేనుతో ఎత్తి తెచ్చారు, ఎవరూ తిప్పాల్సిన అవసరమే రాలేదు. పైగా మట్టి పెచ్చు చెక్కుచెదరలేదు. నువ్వు దిగావు, వంగావు, అరిచావు, తిప్పడం మరిచిపోయావు. పైన ఇల్లు మండుతోంది, నీ ప్రాణం అప్పటికే పైకి వెళ్ళిపోయి ఉంటుంది. మన ఇంట్లో ఎవరికి ఉంది కనక నిదానం.

గజానికి మొదటినుంచీ తెలుసు. మోకాలు చక్రానికీ గట్టుకీ మధ్య ఇరుక్కుని పడి ఉన్నప్పుడు ఆ బిళ్ళ వాడి మొహానికి ఎదురుగానే ఉందట. విచారణలో అడిగితే చూడలేదన్నాడట. నువ్వు ఎదురుపడ్డప్పుడు నీకొక్కడికే చెబుదామనుకున్నాడట. నువ్వు ఎదురుపడితే కదా. ఆసుపత్రి గుమ్మం దాకా వచ్చి వెనక్కి వెళ్ళిపోయావట, కిటికీలోంచి చూశాడట. మీ ఇద్దరినీ కలిపి తన్నాలనిపించింది నాకు.

అయితే ఇప్పుడెందుకు చెప్పడం, పోనిద్దూ, వాడు రావడమే కదా మనకు కావాల్సింది అని నేను గట్టిగానే పోట్లాడాను. గజం అన్నాడు కదా, బండిది తప్పని నమ్మి వస్తే వాడు మళ్ళీ అలాగే దిగి, అలాగే అరుస్తాడక్కా, పక్కన కూర్చునేది నువ్వు కాదు, నేను. మీ బావ బ్రష్షు పక్కన పెట్టి, కవరు తెచ్చి నా ఒళ్ళో వేశారు. చింపాను.

పైన రాసింది కొట్టేయలేదు. నీకోసం మీ అక్క ఎంత అబద్ధం ఆడగలదో నువ్వూ చూడు. తప్పు నీదే, తమ్ముడూ. నువ్వు పెట్టిన లెక్క ప్రకారం ఇక నువ్వు రావు. ఆ మాట రాయడానికే ఇంతసేపూ లేస్తూ కూర్చుంటూ ఉన్నాను. నాకు భయంగా ఉంది.

గజం ఇంకా సీటు దిగలేదు. ఇది కూడా రాయమంటున్నాడు. ఇకమీదట అరుపులు వద్దట. నీ వైపు తను వచ్చి చూస్తాడట, తన వైపు నువ్వు వెళ్ళి చూడాలట. తన కాలు ఇదివరకటి కాలు కాదట, కుంటుకుంటూ బండి చుట్టూ తిరిగి వచ్చేసరికి ఆలస్యమవుతుందట. పైన ఏం మండుతున్నా సరే, తను వచ్చి కూర్చునేదాకా నువ్వు కదలకుండా ఆగాలట. ఆగగలడేమో అడుగు అంటున్నాడు.