ఈనక్ చెవికర్ర

కొవెంట్రీ పట్టణం స్పాన్ వీధి కాపురస్తురాలిని, కీర్తిశేషుడు ఈనక్ విట్లాక్ భార్యను, యాభై ఏళ్ళ కెజియా విట్లాక్ అనే నేను, వచ్చే గురువారం నాకు ఆసుపత్రిలో ఆపరేషన్ ఉన్నందున, ప్రభువు దయవల్ల తెలివి స్థిరంగా ఉండగా, ఎవరి బలవంతమూ లేకుండా రాసుకున్న వీలునామా ఇది. దీన్ని అమలు జరిపే బాధ్యత మా చాపెల్ పెద్ద పిమ్ గారిది.

1. కుట్టుమిషను, రాగి కెటిల్ నా మేనకోడలు టిర్జాకు. కెటిల్ మూత ఊడుతుంది; దారం కట్టి వాడుకోవాలి.

2. నల్ల ఉన్ని శాలువా ఆడపడుచు లవీనియాకు. నా పెళ్ళినాడు ఆమె అందరి ముందూ "మా తమ్ముడికి మూగపిల్లను అంటగట్టారా?" అంది. ఇరవై ఆరేళ్ళు మనసులో పెట్టుకున్నాను. ఆ మాట సగం నిజమేనని ఈ మధ్యే తెలిసింది. శాలువా వెచ్చగా ఉంటుంది.

3. ఈనక్ చెవికర్ర జేబెజ్ థార్లీకి చెందాలి. కారణం రాయక తప్పదు.

ఈనక్ డన్‌స్టాల్ కార్ల కార్ఖానాలో పరీక్షకుడు. లక్షాధికారులు కొనే కారులో గేర్ల చప్పుడు వినబడకూడదు. అందుకని కర్ర ఒక కొనను గేరుపెట్టెకు, రెండో కొనను చెవికి ఆనించి వింటారు. ఒకరి కర్రను మరొకరు ముట్టరు. అది అక్కడి మర్యాద. 1908 వేసవిలో నూనె పట్టించడానికి ఈనక్ దాన్ని ఇంటికి తెచ్చాడు. ఆ సోమవారమే బట్టల తాడు కింద పెట్టే ఊతకర్ర విరిగింది. తడి దుప్పట్ల కింద చెవికర్రను నిలబెట్టాను. రాతి పలకల మీద పడి సన్నగా చీలింది. జిగురు పెట్టి, మైనం రుద్ది, ఏమీ చెప్పకుండా గోడకు ఆనించాను.

మర్నాటి నుంచి ప్రతి గేరుపెట్టెలోనూ ఈనక్‌కు తుమ్మెద రొద వినబడింది. పదకొండు పెట్టెలు పనికిరావన్నాడు. వాటి గేర్ల పళ్ళు యంత్రం మీద కోసింది అతని చిన్ననాటి స్నేహితుడు జేబెజే.

"ఒరేయ్, నీ గేర్లు పాడుతున్నాయిరా!" అన్నాడు ఈనక్ మా వాకిట్లో.

"పాడేది నీ బుర్రలోరా, చెవులు కడుక్కో!" అన్నాడు జేబెజ్.

జేబెజ్‌ను యంత్రం మీద నుంచి తీసి సామాన్ల గదిలో వేశారు. ఆ నెలలోనే పరీక్షకులకు కొత్త కర్రలు ఇచ్చారు; రొద ఆగింది, తప్పు జేబెజ్ గేర్లదేనని అందరూ అనుకున్నారు. నిజం చెబితే ఈనక్ పరువు పోతుందని నోరు మూసుకున్నాను. తన చెవే సరైనదనుకుంటూ రెండేళ్ళ కిందట ఈనక్ కన్నుమూశాడు.

పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక జేబెజ్‌కు అంతా చెప్పాను. టోపీ చేతిలో ఒకసారి తిప్పి నెత్తిన పెట్టుకున్నాడు. "నాలుగేళ్ళు నా చేతుల్నే అనుమానించుకున్నాను వదినా. ఇంతకీ దుప్పట్లు ఆరాయా?" అన్నాడు. మంగళవారం పరీక్షల షెడ్డు పెద్ద, జేబెజ్ చెప్పిన మీదట, అప్పట్లో మూలపడేసిన గేరుపెట్టె ఒకటి బిగించి వేరే కర్రతో విన్నాడు. చప్పుడు లేదు. ఎల్లుండి నుంచి జేబెజ్ మళ్ళీ తన యంత్రం దగ్గరికి వెళ్తాడు. నాలుగేళ్ళుగా 'మా అపరాధములను క్షమించుము' దగ్గర ఆగిపోయే నేను, నిన్న ప్రార్థన మధ్యలో ఆగకుండా ముగించాను.

4. పై మూడో అంశంలో కర్ర ఇచ్చిన మాట మాత్రం రద్దు, మిగతాది ఉండాలి. జేబెజ్ ఇది చదివి సాక్షి సంతకం తానే చేస్తానన్నాడు. అలా సంతకం చేసినవారికి వీలునామాలో ఏదీ దక్కదని పిమ్ గారు చెప్పారు. "ఆ కర్ర నాకెందుకండీ? కలం ఇటివ్వండి. నా గేర్లు పాడలేదన్న ఆ మాటల కింద నా పేరుండాలి," అన్నాడు జేబెజ్. నేను తిరిగివస్తే కర్రను బట్టల తాడుకు ఊతంగా వాడుకుంటాను. రాకపోతే టిర్జా వాడుకోవచ్చు.

1912 సెప్టెంబరు 21, శనివారం.

(సంతకం) కెజియా విట్లాక్

సాక్షులు:
రూత్ హ్యాడో, పొరుగింటామె
జేబెజ్ థార్లీ, గేర్లు కోసేవాడు