వైద్యనౌకలో కుర్చీలు

బావా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. ఫిల్మ్‌నగర్‌ గ్రాఫిక్స్ స్టూడియోలో నీ సిస్టమ్ మీద ఇప్పుడు నేనే పనిచేస్తున్నాను. మనిద్దరం మొదలుపెట్టిన అంతరిక్ష యుద్ధం సినిమా చివరికొచ్చింది.

అందులో నౌకల్ని వాటి పనిని బట్టి విడదీసింది నువ్వే. ముందెళ్లి చూసొచ్చేది వేగునౌక, ఎదురెళ్లి కొట్టేది యుద్ధనౌక, సైనికుల్ని మోసేది రవాణానౌక. ఆ తర్వాత, ఎవరూ అడక్కపోయినా వైద్యనౌకను చేర్చావు. "గాయపడ్డవాళ్లని వెనక్కి తెచ్చుకోకపోతే అదేం నౌకాదళమే?" అన్నావు. మొదటిసారి ఐసీయూ నుంచి ఇంటికొచ్చాక, ఆ నౌకలో ప్రతి మంచం పక్కనా ఒక కుర్చీ పెట్టావు. ఆసుపత్రిలో నీ పక్కన నన్ను కూర్చోనివ్వలేదన్న కోపం నీకు తగ్గలేదు.

ఇవాళ డైరెక్టర్ వచ్చి ఆ నౌకను చూశాడు. "గీ ఓడకు తుపాకుల్లేవు, ఫైట్‌కు పనికిరాదు. ఇంటర్వెల్‌ల పేల్చేద్దాం, జనం ఏడుస్తరు" అన్నాడు. నువ్విచ్చిన పని పోయి, పేలిపోవడమే దాని పనైంది.

పేల్చి చూపించాను. మంటల్లోంచి మంచాలతో పాటు కుర్చీలూ ఎగిరాయి.

"గా కుర్చీలేందమ్మా? పెండ్లి పందిరి లెక్కుంది. తీసెయ్."

"పేషెంట్ల తాలూకు మనుషుల కోసం సార్."

"వాళ్లు లోపలెందుకుంటరు? బయటుంటరు గదా!"

నిజమే బావా. రెండోసారి ఐసీయూ లోపల నువ్వు ప్రాణం విడుస్తున్నప్పుడు నేను బయటే ఉన్నాను.

కుర్చీలన్నీ తీసేసి నౌకను మళ్లీ పేల్చాను. షాట్ ఓకే అయింది.