మూడు రాళ్ళ పొయ్యి

అమ్మకు,

ఎవులాలియా నమస్కారాలు.

తగలబడిపోయిన ఇల్లు ఇంకా మన ఇల్లేనా? మెక్సికోలో, ఆ కంపేచే శరణార్థి శిబిరంలో నీ పక్కన పడుకున్న అన్నేళ్ళూ ఈ ప్రశ్న నాతోనే పడుకుంది. నిన్నెప్పుడూ అడగలేదు. "మనదే" అని ఒక్క ముక్కలో తేల్చేస్తావని భయం.

ఇక్కడ మన ఊళ్ళో అందరం కులాసా. తమ్ముడు చలికి దగ్గుతున్నాడు గాని కౌలు చేలో మొక్కజొన్న విత్తడం మాత్రం ఆపలేదు. నీ మోకాలికి లేపనం రాస్తున్నావా? నా పని గురించి అడిగావు. తిరిగొచ్చిన మనవాళ్ళకీ, ఊరు తగలబడి మనం పారిపోయాక మన నేలల్లో సైన్యం తెచ్చి దింపిన కుటుంబాలకీ కలిపి పెట్టిన పథకమిది. ఇంటింటికీ పొగగొట్టం ఉన్న పొయ్యి కట్టిస్తున్నాం. ఒకే మట్టి కలిపి కడితే ఒకరి మొహం ఒకరు చూసుకుంటారని ఆశ. మొదట్లో చూసుకున్నది తిట్టుకోవడానికే. "మెక్సికో బియ్యం తిని బలిసొచ్చారు" అని వాళ్ళు, "మా నేల తిని మీరు బలిశారు" అని మనవాళ్ళు.

మన స్థలంలో ఎవరున్నారు, దావా వేశావా అని కదా అడిగావు. చూశాను, ఇప్పటిదాకా రాయలేకపోయాను. కాలిన చోటే రేకుల ఇల్లు వేసుకుని కాందెలారియా అనే ఆమె ముగ్గురు ఆడపిల్లలతో ఉంటోంది. మొదటి పొయ్యి ఆ ఇంట్లోనే కట్టాలని పట్టుబట్టింది నేనే, లోపలికి అడుగుపెట్టాలని. నేనెవరో చెప్పలేదు.

మంగళవారం ఆమె నీళ్ళకు వెళ్ళినప్పుడు మేస్త్రీ లెసాంద్రో అడిగాడు, "పాత పొయ్యి రాళ్ళు తీసేయనా, అక్కా?"

"తీసెయ్యి" అన్నాను.

మూడు రాళ్ళూ పెకలించి, బూడిద కింద పునాదికి లోతుగా తవ్వాడు. మట్టి పెరట్లో పోశాం. అంతలో కాందెలారియా వచ్చి గుమ్మంలోనే కుండ వదిలేసింది. నీళ్ళన్నీ నా కాళ్ళ మీద.

"ఎవరు తవ్వమన్నారు?"

"కొత్తది కట్టడానికేగా, చెల్లీ..." అన్నాను.

"చెల్లీ లేదు గిల్లీ లేదు! నా పిల్లల బొడ్డుతాళ్ళు అక్కడే పాతాను." గుక్క తిప్పుకుంది. "నావే కాదు. మేమొచ్చేసరికి గోడలు లేవు, ఈ రాళ్ళే ఉన్నాయి. ఎవరో తల్లి తన ఆడపిల్ల బొడ్డు వీటి కింద పెట్టి ఉంటుంది, కదపొద్దంది మా అత్త. ఆ పరాయి పిల్ల పక్కనే నా పిల్లలవీ పెట్టాను. ఇంత చదివావు, నీకు బొడ్డు లేదా? మీ అమ్మ నిన్ను సంతలో కొనుక్కొచ్చిందా?"

లెసాంద్రో నవ్వబోయి ఆగిపోయాడు.

అమ్మా, ఆ పరాయి పిల్లను నేనే. నువ్వు పాతింది నేనే తవ్వించాను. ఆచారం తెలియక కాదు, నువ్వెన్నిసార్లు చెప్పావు! ఆ క్షణాన నాకు అది ఒక పాత పొయ్యిలాగే కనబడింది. "అది నాదే" అని చెప్పలేదు. చెబితే, ఆమెను వెళ్ళగొట్టడానికి వచ్చింది నేనేనని తెలిసిపోతుంది.

ఆ మట్టిని ఆమె, నేను కలిసి చేతులతో ఎత్తి మళ్ళీ గుంటలో పోశాం. ఏది ఎవరిదో, ఏది ఉత్త బూడిదో తెలియలేదు. రాళ్ళు ఆమె పెద్దపిల్ల పెట్టింది. కొత్త పొయ్యి పక్కన కడుతున్నాం.

దావా వెయ్యడానికి శుక్రవారం ఆఖరు. నేల నీ పేరున ఉంది, వేస్తే గెలుస్తాం. అప్పుడు ఆమె పిల్లలతో ఎక్కడికి పోవాలో మా పథకంలో ఎవరూ ఆలోచించలేదు. వెయ్యకపోతే, నిన్ను తీసుకొచ్చి ఉంచడానికి నాకు వేరే చోటు లేదు. నిన్ను అడుగుదామంటే, ఈ ఉత్తరం చేరేసరికే శుక్రవారం దాటిపోతుంది. వెయ్యాలో వద్దో నాకు తెలియడం లేదమ్మా.

ఇట్లు,
నీ ఒక్కగానొక్క కూతురు
ఎవులాలియా