పెదవి మీద గడ్డ తీయించుకోడానికి వెళ్తున్నాను

అమ్మా,

నువ్వు టికిరి సంత నుంచి వచ్చేసరికి నాన్నా నేనూ విశాఖ బండి ఎక్కేసి ఉంటాం. పప్పు పొయ్యి మీద ఉంది, వేడి చేసుకో. మామ్మకి మాత్ర అన్నం తిన్నాకే ఇవ్వు.

"కోస్తే నెత్తురాగదే అమ్మీ" అని మామ్మ అన్నప్పుడల్లా నువ్వు నా ఆపరేషన్ ఆపేశావు. ఇది కేన్సర్ కాదమ్మా, రక్తనాళాల ముద్ద. ముందు దానికి నెత్తురొచ్చే నాళం కట్టేసి, తర్వాతే గడ్డ తీస్తారట. పెదవి లోపలి మెత్తటి చర్మాన్ని ముందుకు తెచ్చి, ఆకారం వచ్చేలా కుడతారట. డాక్టరమ్మని నేనే నోరు తెరిచి అడిగాను.

మొన్న బడిలో పాఠం చదవమని లేపి, కొత్త మాస్టారు ఎర్రగా ఉబ్బిన నా పెదవి చూసి "ముందు పాన్ ఉమ్మేసి రా" అన్నారు. అందరూ నవ్వారు. నోట్లో ఏమీ లేదని చెప్పలేక, బయటికి వెళ్లి ఉత్తినే ఉమ్మి వచ్చాను. ఇంక అలా ఉమ్మను.

నువ్వు ఏడిస్తే నేను ఆగిపోతాను. అందుకే చెప్పకుండా వెళ్తున్నాను. ఎల్లుండి ఆపరేషన్. రేపటి బండికి నువ్వూ వచ్చెయ్యి. కళ్లు తెరిచేసరికి నువ్వు కనబడాలి.

కుంతి

కుట్లు తీసేదాకా నవ్వకూడదట. సత్తిబాబు మావయ్యని మాత్రం వెంట తీసుకురాకు.