కొట్టేసిన వాక్యం

నేను, మూడో అంతస్తు ముందు వాటాలో ఉంటున్నదాన్ని, వృత్తిరీత్యా దుబాసీని, అవివాహితను, వయసు డెబ్బై ఒకటి, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా, నా చేత్తో నేనే రాసుకుంటున్న వీలునామా ఇది. తెలివి సంగతిలో మా తమ్ముడికి అనుమానముంది. మధ్యాహ్నం పూట కుర్చీలో కునుకు తీస్తూ అక్కయ్య ఎవరితోనో పరాయి భాషలో మాట్లాడుతోందని మందుల షాపాయనతో అన్నాడట. నిజమే. ముప్ఫై ఏళ్లు చెవిలో ఒకరి మాట, నోట్లో ఇంకొకరి మాట పెట్టుకుని బతికినదాన్ని. నిద్ర పట్టగానే ఆ పని దానంతటదే మొదలవుతుంది. మెలకువలో నాకు ఏ తడబాటూ లేదని డాక్టరమ్మ రాసిచ్చిన కాగితం దీనికి జత చేశాను.

ఇంతకుముందు రాసిన వీలునామాలు రెండూ రద్దు. దీన్ని అమలు జరపవలసిన వారు కింది వాటా వకీలుగారు. "మీ తమ్ముడొచ్చి నా తలుపు విరగ్గొడతాడు, తెలుసుగా" అంటూనే ఒప్పుకున్నారు.

1. బ్యాంకులో నా పేరున ఉన్నదంతా, నాన్న వంటకత్తుల పెట్టెతో సహా, తమ్ముడికి చెందవలెను. ఒరేయ్, చిన్నప్పుడు ఆ పెట్టె తెరిచావని నాన్న నిన్ను కొట్టాడు గుర్తుందా? తెరిచింది నేను. చెప్పడానికి ఇన్నేళ్లు పట్టింది.

2. కిటికీలో ఉన్న మొక్కలు, నీలం శాలువా మరదలికి. నా వంట తిని వంక పెట్టని మనిషి ఈ లోకంలో ఆమె ఒక్కతే. మొక్కలకు రోజు విడిచి రోజు నీళ్లు పోస్తే చాలు. ఎక్కువ ప్రేమ చూపిస్తే చచ్చిపోతాయి.

3. నేనుంటున్న ఈ వాటా నా స్వార్జితం. దీనిని నా తదనంతరం, పెద్దాసుపత్రి పిల్లల వార్డులో నర్సుగా పనిచేస్తున్న, మన ఇంట్లో 'దీవిపిల్ల' అని పిలుచుకునే ఆమెకు, ఉంచుకోవడానికైనా అమ్ముకోవడానికైనా సర్వహక్కులతో, ఏ షరతూ లేకుండా రాసి ఇస్తున్నాను.

తమ్ముడూ, కాగితం కింద పడేయకు. నువ్వామెను చూసింది రెండుసార్లే. కారణం నీకు చెప్పాలి.

నాన్న ఓడలో వంట చేసే రోజుల్లో ఆయనతో పాటు ఒక దీవి మనిషి పనిచేసేవాడు. ఓడ రేవులో ఉన్నన్నాళ్లూ మనింట్లోనే మకాం. నీకప్పటికి నడక రాలేదు. ఉల్లిపాయలు తరుగుతూ ఆయన నాకు వాళ్ల భాష నేర్పాడు. ఆ భాష మాట్లాడేవాళ్లంతా కలిస్తే ఒక మోస్తరు ఊరు నిండుతుంది, అంతే. అందుకే, భూమి ఇంకా వేడెక్కకుండా ఎవరెంత పొగ తగ్గించుకోవాలో దేశాలన్నీ కూర్చుని తేల్చుకునే పెద్ద సభలో ఆ దీవి ప్రతినిధి తన సొంత భాషలో మాట్లాడతానని పట్టుబట్టినప్పుడు, వెతికి వెతికి నన్ను పిలిచారు.

సభ ముందురోజు ఉదయం వరండాలో ఆయన్ని కలిశాను. ఒక దేశం తరఫున వచ్చిన మనిషి అంటే ఏదో ఊహించుకున్నాను. కొత్త బూటు కరుస్తోందని విప్పి ఒళ్లో పెట్టుకుని బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. ఆయన అసలు ఉద్యోగం బావినీళ్లలో ఉప్పు కొలవడం. దీవిలో అరవై ఒక్క బావులు. వాటిలో తాగడానికి పనికొచ్చేవి అప్పటికి తొమ్మిది మిగిలాయి.

చేతిరాత కాగితం ఒకటి నాకిచ్చి, "మూడు నిమిషాలే ఇస్తారట. ఇది దాటిపోతోంది. మీరు కాస్త గబగబా చెప్పేస్తారా అమ్మా?" అన్నాడు.

గడియారం ఆయనకే గాని నాకు కాదని చెప్పాను. నవ్వి, కాగితం వెనక్కి తీసుకుని, ఆఖరి వాక్యం పెన్నుతో కొట్టేశాడు. "ఇది మరీ బతిమాలుకున్నట్టుంది. వద్దులెండి" అని మళ్లీ నా చేతికిచ్చాడు. గీత సన్నది. కింద అక్షరాలు స్పష్టంగా కనబడుతూనే ఉన్నాయి.

దుబాసీల గది గాజుపెట్టెలా ఉంటుంది. అందులోంచి చూస్తే హాలంతా నీటి అడుగున ఉన్నట్టే. పెదవులు కదులుతాయి, చేతులు మెల్లగా లేస్తాయి, చప్పుడు మాత్రం చెవిలోని తీగలోంచే రావాలి. గదికి ఇద్దరం. నా పక్క కుర్చీ ఆయనకు గాని, మిగతా గదుల్లో ఎవరికీ గాని ఆ భాష రాదు. నేను చెప్పింది విని వాళ్లు తమ తమ భాషల్లోకి మార్చాలి. అంటే ఆయన మాట ఏ దేశానికి చేరాలన్నా నా గొంతులోంచే వెళ్లాలి.

మర్నాడు మధ్యాహ్నం ఆయన వంతు వచ్చింది. ఒప్పందంలో 'సాధ్యమైనంత త్వరగా' పొగ తగ్గిస్తామని రాసుకున్నారు. ఆ మాట తీసేసి ఒక సంవత్సరం వేయండని అడగడానికే అంత దూరం వచ్చాడు. మధ్యలో దగ్గు తెర వచ్చి కొన్ని క్షణాలు పోయాయి. అసలు సంగతి దగ్గరికి వచ్చేసరికి ఎర్రదీపం వెలిగింది, మైకు ఆగిపోయింది. నా చెవిలో నిశ్శబ్దం. గాజు అవతల ఆయన పెదవులు కదులుతూనే ఉన్నాయి, కలలో మనల్ని పిలిచేవాళ్ల పెదవుల్లా. కాగితం నా ముందుంది. నేను ఆగలేదు. మిగిలిందంతా చదివాను. చదువుతూ చదువుతూ కొట్టేసిన వాక్యం కూడా చదివేశాను: "ఏ సంవత్సరమైనా సరే, ఒకటి రాయండి. ఇంటి కప్పులు ఎన్నాళ్లదాకా బాగుచేసుకోవాలో మావాళ్లు నన్ను అడుగుతున్నారు."

హాల్లో తలలన్నీ పైకి లేచాయి. మైకు లేకుండా మాట్లాడింది చెల్లదని అధ్యక్షుడు అన్నాడు. అప్పుడు సముద్రమే లేని ఒక దేశపు ప్రతినిధి లేచి, "విన్నాం కదండీ. ఇప్పుడు వినలేదని ఎలా రాసుకుంటాం?" అంది. పొద్దు వాలేదాకా వాదులాడుకున్నారు. చివరికి 'సాధ్యమైనంత త్వరగా' పోయి, ఒక సంవత్సరం వచ్చింది. ఎక్కువ పొగ వదిలిన దేశాలే బేరమాడి బేరమాడి వెనక్కి జరిపిన సంవత్సరం. ఆ తొమ్మిది బావులకు అది అందలేదు. ఇల్లు వదలాల్సి వచ్చినవాళ్లకు చోటు చూపిస్తామని కూడా ఒక వరుస రాసుకున్నారు. రాసుకున్నారు, అంతే.

నన్ను మళ్లీ ఏ సభకూ పిలవలేదు. దానికి నేను బాధపడలేదని రాస్తే అబద్ధమవుతుంది.

మూడు నెలలకు ఆయన దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. "నేను వద్దనుకున్న మాట మీరు చదివారు. నాకు చాలా కోపం వచ్చింది. అందుకే ఇన్నాళ్లూ రాయలేదు. మా అక్క మాత్రం ఆ మాట రేడియోలో విని, ఇంటికి కొత్త రేకులు వేయించడం మానేసి, కూతుర్ని మీ ఊరికి నర్సు చదువుకి పంపిస్తోంది. కాస్త చూసుకోండి."

అలా వచ్చింది దీవిపిల్ల. పద్దెనిమిదేళ్లది. చేతిలో ఒక సంచీ. నేను నోరు జారినందుకు ఒక పిల్ల ఇల్లు వదిలి వచ్చి నా గుమ్మంలో నిలబడింది. పంతొమ్మిదేళ్లుగా ప్రతి ఆదివారం వస్తోంది. వాళ్ల భాష మాట్లాడుకోవడానికి ఈ ఊళ్లో ఆమెకు నేను, నాకు ఆమె. తను అలల సంగతి చెబుతుంటే నాకు నిద్ర ముంచుకొస్తుంది. నేను ఎన్నడూ చూడని ఆ నీళ్ల వెలుగు ఈ గది గోడల మీద కదులుతుంది. ఆఖరి బావి ఆరేళ్ల కిందట ఉప్పెక్కింది. వాళ్ల అమ్మ, మేనమామ ఇద్దరూ వేరు వేరు పరాయి ఊళ్లలో పోయారు.

దేశాలు చూపిస్తామన్న చోటు ఇంకా ఎక్కడా కనబడలేదు. అందులో నా వాటా ఇదిగో, ఈ వాటా. దయ అనుకోవద్దు. ఆమె కూడా అలా అనుకోకూడదు.

4. నా నిఘంటువులు ఏడు, చెక్క పెన్సిలు డబ్బా, ఆ రోజు గాజుగదిలో నా జోడీగా కూర్చున్న పక్క కుర్చీ ఆయనకు ఇవ్వవలెను. నేను కాగితం చూసి చదివానని పై అధికారికి చెప్పింది ఆయనే. ఆయనతో పదిహేనేళ్లు మాట్లాడలేదు. కూరగాయల మార్కెట్లో ఎదురుపడితే టమాటాలు చూస్తూ నిలబడేదాన్ని. తర్వాత ఒక మధ్యాహ్నం కునుకులో ఆ గది మళ్లీ కనిపించింది. నా గొంతు ఆపే మీట ఆయన చేతికింద ఉంది. నేను చదువుతున్నంతసేపూ ఆయన వేలు దాని మీదే ఉంది. నొక్కలేదు. అడిగినప్పుడు నిజం చెప్పాడు, అడగనప్పుడు నన్ను చెప్పనిచ్చాడు. అయ్యా, నన్ను క్షమించండి. నాలుగో నిఘంటువులో 'మ' దగ్గర పేజీలు ఊడిపోయాయి, చూసుకోండి.

5. ఆ చేతిరాత కాగితం బీరువా పై అరలో, దిండు గలీబులో ఉంది. అది దీవిపిల్లది. మ్యూజియం వాళ్లు అడిగితే ఇవ్వాలో వద్దో ఆమె ఇష్టం.

6. నేను పోయాక ఇంట్లో దీపాలు పెట్టి ఎవరూ నా గొప్పలు చెప్పుకోనక్కర్లేదు. ఒకపూట పడుకుని హాయిగా నిద్రపొండి.

7. అమ్మాయీ, ఇది నీకు. వీధి తలుపు వానలప్పుడు బిగుసుకుంటుంది, కొంచెం పైకెత్తి తొయ్యి. కరెంటు మీటరు పేరు మార్పించుకోవడానికి ఆఫీసుకి వెళ్తే ఒక ఫారం ఇస్తారు. అందులో 'శాశ్వత చిరునామా' అని ఒక గడి ఉంటుంది. ఆ గడి దగ్గర నువ్వు పెన్ను పైకెత్తి ఆగిపోవడం, గుమాస్తా విసుక్కోవడం, చివరికి గడి ఖాళీగానే వదిలేసి రావడం నేను చాలాసార్లు చూశాను. ఈసారి ఆగకు. ఈ ఇంటి నంబరు రాయి.

2041 మే నెల పద్నాలుగో తేదీ, మంగళవారం, ఉదయం పదిన్నర.

(సంతకం)
మూడో అంతస్తు దుబాసీ

చదవనక్కర్లేదన్న మా మాట వినకుండా, ఆమె మా ఎదుట అంతా చదివి, సంతకం చేయగా చూసిన సాక్షులు:
మందుల షాపు యజమాని
రెండో అంతస్తు సంగీతం టీచరు