తడి గోనెసంచి

బాబాయ్,

నిన్ను డీజిల్ దొంగ అన్నవాడు మన మామిడితోట కాంట్రాక్టర్. కాయలు ఎక్కించేంతసేపూ ట్రాక్టర్ ఆపవని, ఆ వంకన డీజిల్ అమ్ముకుంటున్నావని కూలీలందరి ముందూ అన్నాడు. ఆ మాట నీ మీద ఉండగానే పోయావు. రేపటికి ఏడాది.

ఇవాళ ఆ ట్రాక్టర్ నేను తోలాను. ముసునూరు వెళ్లి వచ్చి, లోడు కోసం ఆపాను. మళ్లీ తాళం తిప్పితే మిస్ కొట్టి, తెల్లపొగ వదిలి ఆగిపోయింది.

"మీ బాబాయ్ విద్య మర్చిపోయావేంట్రా? బండి ఆపకూడదుగా!" అని నవ్వి, కాంట్రాక్టర్ కాయలు తూచే కాటా వైపు వెళ్లిపోయాడు.

నాకు కోపం రాలేదు, పంపు మీద అనుమానం వచ్చింది. గోనెసంచి తడిపి డీజిల్ పంపు మీద కప్పాను. ఇంజిన్ ఇంకా కాలుతూనే ఉంది, పంపు మాత్రం చల్లబడింది. ఈసారి ఒక్క తిప్పుకే అందుకుంది. పంపు అరిగిపోయింది, బాబాయ్. వేడెక్కితే డీజిల్ పలచబడి లోపలే జారిపోతోంది, ఆపితే మళ్లీ అందుకోదు. అందుకే నువ్వు ఆపేవాడివి కాదు.

"అయితే ఆయన దొంగ కాదన్నమాట," అంది మంగత్త, నేను చెప్పిందంతా విని కాయల గంప దించుతూ.

"అందరి ముందూ చూపిద్దాం అత్తా," అన్నాను.

రేపు మధ్యాహ్నం పన్నెండింటికి, ట్రాక్టర్ బాగా వేడెక్కి ఉంటుంది. కూలీలందరూ కాటా దగ్గరికి రావాలి. కాంట్రాక్టర్ కూడా రావాలి. ముందు ఊరికే ఒకసారి, తడి గోనెసంచి కప్పాక ఇంకోసారి, తాళం ఆయనే తిప్పాలి.